బ్రేకే తొక్కిన

పదకొండేళ్ల కాపురంలో మా ఆయన్ని నేను కొట్టింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ ఆరడుగుల అల్యూమినియం లెవెల్ కర్రతో కొట్టాను. కంచె వంకర లేకుండా నిలబడిందో లేదో చూసుకునే కర్ర అది, మధ్యలో చిన్న గాజు గొట్టం, అందులో నీటిబుడగ. మొదటి దెబ్బకే ఆ గాజు పగిలింది. రెండో దెబ్బకు ఆయన మెడ కింద ఎముక విరిగింది. మూడోది ఎడమ చెవి మీద పడింది. నాలుగోదీ పడేదే. టోంగా దీవుల నుంచి వచ్చిన పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, వెనకనుంచి నడుం పట్టుకుని నన్ను ఎత్తి పక్కన పెట్టింది. అంతసేపూ ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. "బ్రేకే తొక్కిన, బ్రేకే తొక్కిన" అంటూనే ఉన్నాడు.

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో అందరికీ ఎక్కువే. మా అమ్మ మమ్మల్ని పొద్దున లేపడమే "లేస్తవా, సంపమంటవా" అని లేపేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని బుద్ధులు చెప్పేదీ ఆవిడే, అదీ చేతిలో చీపురు పట్టుకుని. కరీంనగర్ వైపు మా ఊళ్లో ఇదంతా ఎవరూ పట్టించుకునే సంగతి కాదు. న్యూజిలాండ్‌లో ఈ ఆక్లాండ్‌కు వచ్చాక కిటికీలు మూసి అరుచుకోవడం నేర్చుకున్నాం, అంతే తేడా.

మా ఆయన ఇక్కడికి వచ్చింది కంప్యూటర్ చదువుకి. చదువైతే అయింది గానీ ఉద్యోగం దొరకలేదు. ఖాళీగా ఉండలేక కంచెలు వేసేవాళ్ల దగ్గర గుంతలు తవ్వడానికి వెళ్లి, అదే వృత్తి చేసుకున్నాడు. నేను రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తాను. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు మా తమ్ముడు కూడా చదువుకనే వచ్చి, మౌంట్ రాస్కిల్‌లో మా ఇంట్లోనే ఉండి, చదువైపోగానే వాళ్ల బావ దగ్గర పనిలో చేరాడు. బావా బామ్మర్దులిద్దరూ పొద్దున ఏడింటికి ఒకే బండెక్కి వెళ్లేవాళ్లు, సాయంత్రం ఒకరి మీద ఒకరు నాకు చాడీలు చెప్పుకుంటూ దిగేవాళ్లు.

ఆ బండి యూట్. ముందు మనుషులకు సీట్లు, వెనక సామానుకు తొట్టి. చేతిపని చేసుకునే ప్రతివాడి ఇంటి ముందూ ఈ దేశంలో ఒకటి కనపడుతుంది. మాది ఆటోమేటిక్ గేరుది. కొని రెండేళ్లయినా డ్రైవరు కాళ్ల దగ్గరి కార్పెట్ మ్యాట్ మీద కంపెనీ వాళ్లు వేసిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. మా ఆయన తీయనిచ్చేవాడు కాదు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, టీవీ రిమోట్ కవరులో పుట్టి కవరులోనే చస్తుంది. "అమ్మేటప్పుడు కొత్తగ కనపడాలె" అని ఆయన వాదన. ఎప్పుడమ్ముతావయ్యా అంటే మాత్రం, ఇప్పుడెందుకు అమ్ముత అంటాడు.

దసరాకు ఏటా వాకిట్లో బండిని నిలబెట్టి ఆయుధపూజ చేస్తాం. ముందురోజు బండి కడగడం నా వంతు. ఇక్కడ అక్టోబరంటే వానలు వదలని కాలం, వీళ్లు పనిచేసే చోటల్లా బంకమట్టి. బయటంతా తళతళలాడేలా కడిగి తలుపు తీద్దును గదా, ఆ ప్లాస్టిక్ మీద బురద ఎండి అట్టలు కట్టి ఉంది. రుద్దితే చిరిగేలా ఉంది. చిరిగితే ఆయన నా ప్రాణం తీస్తాడు. పసుపు కుంకుమ పెట్టే బండిలో ఈ రోతేమిటని, హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి దళసరి నల్ల రబ్బరు మ్యాట్ ఒకటి తెచ్చి, ఆ ప్లాస్టిక్ మీదే పరిచేశాను. నా కారులోనూ అలాగే వేసుకుంటాను, మ్యాట్ మీద మ్యాట్. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పైది ఒక్కటి దులిపితే చాలు.

పండగనాడు పూజయ్యింది, గుమ్మడికాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మా ఆయన బండిని రెండడుగులు ముందుకు కదిపి, మళ్లీ రోడ్డు మీద పెట్టాడు. భోజనాల దగ్గర మా తమ్ముడు కంచంలోకి చూస్తూ, "బావా, నేను ఆస్ట్రేలియా పోదామనుకుంటున్న, పెర్త్‌కు. ఆడ నా దోస్తు పని చూసిండు" అన్నాడు.

అప్పటికే రెండు పెద్ద కంచెల పనులు ఒప్పుకుని ఉన్నాడు మా ఆయన. ముద్ద నోట్లోకి పోకుండా ఆగింది.

"పోతవా? కాళ్లిరగ్గొడత బిడ్డా!" అన్నాడు.

"ముందు నీ మోకాళ్ల నొప్పి సంగతి చూస్కో బావా" అన్నాడు వాడు.

ముగ్గురం నవ్వాం. మటన్ ఇంకో గరిటె వాడి కంచంలో వేసింది మా ఆయనే. అయితే ఆయన మనసు నొచ్చుకుంది, నాకు తెలుసు. వాణ్ని సొంత తమ్ముడిలా చూసుకున్నాడు, పని నేర్పించాడు, ఎవరికీ చెప్పకుండా దోస్తును పని అడిగాడే అని బాధ. తెల్లారి లేచాక కూడా టీ తాగుతూ వాడితో రెండు మాటలు గట్టిగా అన్నాడు. వాడూ తగ్గలేదు. "నీ జీతగాన్ని కాదు నేను" అని విసురుగా లేచి బయటికి వెళ్లిపోయాడు.

మా వాకిలి రోడ్డు మీది నుంచి గరాజు దాకా కిందికి వాలి ఉంటుంది. రోడ్డు దాటి ఫుట్‌పాత్ అంచు ఎక్కడానికి మాత్రం కాస్త గట్టిగా తొక్కాలి, ఆ తర్వాత అంతా పల్లమే. గరాజులో ఉన్న కాంక్రీటు మిక్సరును బండిలోకి ఎక్కించాలని తమ్ముడు కిందికెళ్లి షట్టరు పైకి లాగుతున్నాడు. మా ఆయన బండిని రోడ్డు మీది నుంచి లోపలికి తిప్పుతున్నాడు. నేను వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు తోముతున్నాను.

ఇంజిన్ అరిచింది. మామూలుగా వినే చప్పుడు కాదు. తలెత్తేసరికి యూట్ ఫుట్‌పాత్ అంచు దాటి వాకిట్లోకి దూకింది. హారన్ మోగుతోంది, ఆగకుండా మోగుతోంది. తమ్ముడు వెనక్కి తిరిగాడు. పక్కకు దూకబోయాడు, ఒక కాలు దూకింది. రెండో కాలు మిక్సరుకీ బండి ముక్కుకీ మధ్య పడింది. షట్టరు రేకు చిరిగిన చప్పుడు, ఎముక చప్పుడు, వాడి కేక, మూడూ ఒకేసారి విన్నాను. ఆ మూడింటిలో ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

అక్కడితో ఆగినా బాగుండేది. గుద్దాక కూడా ఇంజిన్ అరుస్తూనే ఉంది. వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ పొగలు కక్కుతున్నాయి, బండి ఇంకా ఇంకా లోపలికి నెడుతూనే ఉంది, వాడి కాలు ఇంకా ఇంకా నలుగుతూనే ఉంది. కాలిన రబ్బరు వాసన వంటింట్లోకి వచ్చింది. నేను వాకిట్లోకి వచ్చేదాకా ఆ మోత ఆగలేదు. అప్పుడు నా బుర్రలో ఒకే మాట మెదిలింది. వీడు ఇంకా తొక్కుతున్నాడు. గుద్దిందాకా గుద్ది, ఇంకా తొక్కుతున్నాడు.

చివరికి తాళం తిప్పి ఇంజిన్ ఆపి, కిందికి దూకి, తమ్ముడి వైపు పరిగెత్తబోయాడు. బండి తొట్టిలోంచి లెవెల్ కర్ర లాగి ఎదురెళ్లాను. ముట్టుకోనివ్వలేదు వాణ్ని. "సంపినవ్ కదరా నా తమ్మున్ని" అని ఒక్కో మాటకీ ఒక్కో దెబ్బ వేశాను.

టోంగా ఆవిడ నన్ను పక్కకు లాగాక, బండిని వెనక్కి తీయమని మా ఆయన మీద అరిచింది. విరిగిన ఎముకతో ఒంటి చేత్తో గేరు న్యూట్రల్‌లో వేశాడు, ఆవిడ భుజం ఆనించి బండిని జానెడు వెనక్కి నెట్టగానే హ్యాండ్‌బ్రేకు లాగాడు. ఆవిడ తన నడుముకున్న గుడ్డ విప్పి తమ్ముడి తొడకు బిగించి కట్టింది. వాడి తల ఆ కాంక్రీటు నేల మీద కొట్టుకుంటోంది. తల కింద పెట్టడానికి ఏదీ కనపడక, తెరిచి ఉన్న బండి తలుపులోంచి ఆ రబ్బరు మ్యాట్ పట్టి లాగాను. ఎక్కడో పట్టుకుంది. గట్టిగా గుంజితే వచ్చింది. మడిచి వాడి తల కింద పెట్టాను. అంబులెన్సు వచ్చేదాకా వాడి నెత్తురు చూస్తూ కూర్చున్నాను, మా ఆయన గోడకు ఆనుకుని ఆ ఒక్క మాటే గొణుగుతూ కూర్చున్నాడు.

వాడి ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఇరవయ్యారేళ్లవాడు.

ఆ సాయంత్రమే ఒక పోలీసావిడ ఆసుపత్రి వరండాలో నా వాంగ్మూలం రాసుకుంది. నా ఇంగ్లిషు బాగానే ఉంటుంది. ఆ రోజు మరీ బాగుంది. పొద్దున ఇద్దరూ గొడవపడ్డారని చెప్పాను. గుద్దాక కూడా మా ఆయన ఆపలేదని, తొక్కుతూనే ఉన్నాడని, నా కళ్లతో చూశానని చెప్పాను. చూసింది తిరుగుతున్న చక్రాలని, చెప్పింది తొక్కుతున్న కాలని. ఆ తర్వాత, నిన్న భోజనాల దగ్గర మా తమ్ముణ్ని "నీ కాళ్లు విరగ్గొడతాను" అని బెదిరించాడని చెప్పాను. ఆవిడ రాయడం ఆపి, సరిగ్గా ఇవే మాటలా అని అడిగింది. ఇవే మాటలు అన్నాను.

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. కానీ మా ఇళ్లల్లో ఆ మాటకు విలువెంతో నాకు తెలియదా? రోజుకు పదిసార్లు అనుకుంటాం. పాలు పొంగితే చంపేస్తా అంటాం, ఫోన్ ఎత్తకపోతే పాతరేస్తా అంటాం. ఆ మాటన్న మనిషే మటన్ వడ్డించాడని, ముగ్గురం నవ్వామని ఆవిడకు చెప్పలేదు. తెలిసే దాచాను. కర్ర చేజారాక చేతికందిన రాయి అది, ఎత్తి వేశాను.

కావాలని గాయపరిచాడని కేసు పెట్టారు. మా ఇంటికి రాకూడదు, నాతో గానీ తమ్ముడితో గానీ మాట్లాడకూడదు అన్న షరతుల మీద బయట వదిలారు. ఊరికి ఆ చివర బోటనీ డౌన్స్‌లో ఒక స్నేహితుడి గరాజు గదిలో ఉంటున్నాడని తెలిసింది. బండిని పోలీసులే తీసుకెళ్లి విప్పి చూశారు. బ్రేకులు బాగున్నాయి, పెడళ్లు బాగున్నాయి, కంపెనీ మ్యాట్ తన కొక్కేలకు తానుంది, బండిలో లోపమేమీ లేదని రాశారు. "చూసిండ్రా? బండి మంచిగనే ఉన్నదట" అని కనపడ్డ వాళ్లందరికీ చెప్పాను. నేరం రుజువైతే జైలు, జైలు తర్వాత దేశం నుంచి పంపేయొచ్చు కూడా అని ఎవరో అంటే, పంపనీ అన్నాను. తన మెడ ఎముక ఎలా విరిగిందని ఆసుపత్రిలో అడిగితే పడిపోయానని చెప్పాడట. ఆ సంగతి విని కూడా నాకు జాలి కలగలేదు. నాటకాలు అనుకున్నాను.

విప్పి చూడటం అయ్యాక బండిని తెచ్చి మా ఇంటి ముందే పెట్టి పోయారు. బంపరు మీద ఇంకా కుంకుమబొట్టు ఉంది. దాన్ని చూడలేకపోయాను. తోటలో పడి ఉన్న కాంక్రీటు ఇటుక తెచ్చి ముందు అద్దం మీద వేశాను. తర్వాత పక్క అద్దాలు, తర్వాత దీపాలు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. చేతులు చీరుకుపోయి మోచేతుల దాకా నెత్తురు కారింది. టోంగా ఆవిడ కంచె మీంచి చూసింది గానీ ఈసారి ఆపడానికి రాలేదు.

తమ్ముణ్ని ఇంటికి తెచ్చుకున్నాను. పెర్త్ మాట మళ్లీ ఎత్తలేదు వాడు. కోపం వస్తే కంచం గోడకేసి కొట్టేవాడు. లేని పాదం మంటపుడుతోందని ఉన్నట్టుండి అరిచేవాడు. పోలీసులు అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు. గుర్తులేదంటే నేనే గుర్తుచేసేదాన్ని. కట్టు మార్చేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు అదే పాట. "కావాల్ననే గుద్దిండురా. నువ్వు పోతానన్నవని గుద్దిండు." వాడు ఊ అనేవాడు కాదు, కాదనేవాడూ కాదు.

కేసు కోర్టులో మళ్లీ విచారణకు రావడానికి ఇంకో పది రోజులుంది. ఆ వారంలో నా కారుకు వారెంట్ చేయించాల్సి వచ్చింది. ఇక్కడ ప్రతి కారూ రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో మెకానిక్ చూసి స్టిక్కరు అంటించాలి, దాన్నే వారెంట్ అంటారు. మాకు తెలిసిన మెకానిక్ ఫిజీ నుంచి వచ్చిన, హిందీ మాట్లాడే పెద్దాయన, నన్ను బేటీ అని పిలుస్తాడు. డ్రైవరు తలుపు తీసి వంగి చూసి, నా పై మ్యాట్ పట్టి లాగి బయట నేల మీదికి విసిరికొట్టాడు.

"ఒకదాని మీద ఒకటి వేయమని నీకెవరు చెప్పారు బేటీ? చావాలని ఉందా?" అన్నాడు.

"ఏమవుతుంది అంకుల్?"

విసిరేసిన మ్యాట్ మళ్లీ తెచ్చి, కింది దాని మీద వేసి, అరచేత్తో ముందుకు తోశాడు. నున్నగా జరిగిపోయింది. రెండో చేత్తో యాక్సిలరేటరు పెడల్ అడుగుదాకా నొక్కి వదిలాడు. పెడల్ లేవలేదు. దాని చివర రబ్బరు అంచు కిందికి దూరి, అక్కడే ఉండిపోయింది.

"చూశావా? కాలు తీసేసినా ఇంజిన్ మాత్రం పూర్తి తొక్కుడులో ఉంటుంది. బండి ఉరుకుతుంది."

"బ్రేకు తొక్కితే ఆగదా?"

"ఎదుట చోటుంటే, కంగారుపడకుండా గట్టిగా తొక్కి పట్టుకుంటే ఆగొచ్చు. నాలుగు గజాల్లో ఎవడి తరం? ఏదో గోడను గుద్దాక కూడా నెడుతూనే ఉంటుంది, తాళం తిప్పేదాకా."

గుంజితే వచ్చింది. ఎక్కడో పట్టుకుంది, గుంజితే వచ్చింది. నా చేతులకు గుర్తుంది ఆ పట్టు. వంగి ఆ మ్యాట్‌ను నేనే గుంజి చూశాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్క మొరిగినట్టు, అప్పటికి వెలిగింది నాకు.

యూట్‌లోంచి లాగిన ఆ రబ్బరు మ్యాట్ ఎక్కడికీ పోలేదు. నెత్తురు కడిగేసి, పెరట్లో కుళాయి దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి వేశాను. ఇంటికి వచ్చి తిప్పి చూస్తే ఒక పక్క అంచు పైకి మడతపడి ఉంది, మడతలో పెడల్ మూల నొక్కుకున్న గుర్తు ఉంది. ఇన్నాళ్లూ రోజూ దాని మీద నిలబడి చెప్పులు కడుక్కున్నాను. ప్లాస్టిక్ వేసింది ఆయన, సరే. దాని మీద ఈ రబ్బరు పరిచింది నేను. బండి విప్పి చూసేవాళ్లకు దొరక్కుండా లాగేసింది నేను. తెలియక చేశాను, దానికి ఏడ్చి ఊరుకోవచ్చు. తెలిసి చేసింది ఆసుపత్రి వరండాలో చేశాను.

మ్యాట్ తీసుకెళ్లి సోఫాలో ఉన్న తమ్ముడి ముందు పెట్టి అంతా చెప్పాను. వాడు ఆ మడతను వేలితో తడిమాడు.

"నేను చూసిన అక్కా" అన్నాడు.

"ఏం చూసినవ్?"

"బావను. అద్దంల నుంచి కనపడ్డడు. సీట్ల నుంచి లేచి నిలబడ్డట్టు తొక్కుతున్నడు. ఒక చెయ్యి హారన్ మీద. ఇంకో చెయ్యి ఇట్ల ఊపుతున్నడు, జరుగు జరుగు అని. ఒర్లుతున్నడు బావ."

"మరి పోలీసులకెందుకు చెప్పలేదురా?"

"దవాఖానల నా మంచం పక్కన కూసొని రోజూ చెప్పినవ్ కదా, కావాల్ననే గుద్దిండని. నువ్వు బావ పెండ్లానివి. నీకంటె నాకెక్కువ ఎరికనా? మందుల మత్తుల నేను చూసిందే తప్పేమో అనుకున్న." వాడి గొంతు పెద్దదైంది. "కాలు పోయిందంటె పోయింది. బావ మీద పగ ఎందుకు పెట్టినవే నాకు? ఎందుకు పెట్టినవ్?"

చంక కింద పెట్టుకునే కర్ర తీసి నా మీదికి విసిరాడు. అది నా మోకాలికి తగిలి, వెనకున్న కిటికీని పగలగొట్టింది. తగలాల్సిన చోటే తగిలింది. గాజుపెంకులు ఊడ్చి, మోకాలికి గుడ్డ చుట్టుకుని, మ్యాట్ సంచిలో పెట్టుకుని పోలీస్ స్టేషనుకు వెళ్లాను.

అదే పోలీసావిడ వచ్చింది. మ్యాట్ సంగతి తొందరగానే అర్థమైంది ఆవిడకు. కాళ్లు విరగ్గొట్టే మాట సంగతి చెప్పడానికే నా తలప్రాణం తోకకొచ్చింది. అది మేము ఊరికే అనుకునే మాటని, మా అమ్మ మమ్మల్ని ఆ మాటలతోనే పెంచిందని, ఆ మాటన్న వెంటనే మటన్ వడ్డించాడని చెబుతుంటే ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. భర్తను కాపాడుకోవడానికి వచ్చిన ఆడదాన్ని చూసినట్టు చూసింది.

"అయితే అప్పుడు అబద్ధం చెప్పారా?"

"లేదు. నిజమే చెప్పాను. ఆయన్ని దెబ్బకొట్టడానికి చెప్పాను."

కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన కాలు జారనే లేదు. నా నోరు జారింది, ఇప్పుడు ఒక్కో మాటా వెనక్కి తీసుకుంటానంటే కాగితం ఒప్పుకోవడం లేదు. మూడు గంటలు కూర్చోబెట్టారు. మా ఆయన్ని కర్రతో కొట్టిన సంగతి కూడా నేనే చెప్పాను. ఆయన ఫిర్యాదు ఇవ్వలేదు కాబట్టి దాని సంగతి తర్వాత చూస్తామని, హెచ్చరించి పంపారు. తమ్ముడు మర్నాడు వెళ్లి తను చూసింది చెప్పాడు. అద్దాలు లేని ఆ బండినే మళ్లీ తీసుకెళ్లి, ఆ ప్లాస్టిక్ మీద ఈ మ్యాట్ వేసి పరీక్ష చేశారు. పెడల్ చిక్కుకుంది. విచారణ వాయిదా పడింది, ఆ తర్వాత కేసు వెనక్కి తీసుకున్నారు.

షరతులు ఎత్తేసిన నాటి సాయంత్రం తమ్ముడే వాళ్ల బావకు ఫోన్ చేసి రమ్మన్నాడు. వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. గడప దగ్గరే నిలబడితే, "దా బావా, లోపలికి దా" అని తమ్ముడు కొత్త కృత్రిమ కాలి మీద తడబడుతూ ఎదురెళ్లాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఎడమవైపు నుంచి పిలిస్తే ఆయనకు వినపడడం లేదని అప్పుడే గమనించాను.

"మ్యాట్ నేనే వేసిన" అన్నాను, కుడివైపుకు వచ్చి.

"తెలుసు. లాయర్ చెప్పిండు."

"నన్ను తిట్టు. కొట్టు. ఏమన్న అను."

ఆయన కుర్చీలో కూర్చుని తన కుడికాలి వంక చూసుకున్నాడు. "రోజూ గిట్లనే కూసొని కాలు పెట్టి చూస్కునేటోన్ని. ఇటు పెట్టిన్నా, అటు పెట్టిన్నా అని. నువ్వు అంత గట్టిగ చెప్పినంక, నేనే తప్పు తొక్కిన్నేమో అనుకున్న. తొక్కిన్నేమో కాదు, తొక్కిన అనే అనుకున్న. మనసుల ఎక్కడో కోపముండె కదా వాని మీద. గా కోపమే తొక్కిందేమో అనుకున్న. కోర్టుల ఒప్పుకుంటనని లాయర్‌కు చెప్పిన గూడ."

ఇంకొక్క పది రోజులు ఆ మ్యాట్ సంగతి నాకు వెలగకపోతే ఆ మనిషి చేయని నేరం ఒప్పుకుని జైలుకు పోయేవాడు. జైలుకు పంపేది నేను. నాకు ఏడుపు కూడా రాలేదు. "అన్నం తిందువు దా" అన్నాను.

తమ్ముడు కంచాలు పెట్టాడు. ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు. పప్పుగిన్నె దించాను, నెయ్యి పై అరలో ఉంది. ఆయన వెనకనుంచి నెయ్యి సీసా కోసం చెయ్యి పైకెత్తాను. ఆయన ఒక్కసారిగా తల వంచి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని, గోడ వైపు ముడుచుకుపోయాడు. నెమ్మదిగా చేతులు దించి, "ఏం లేదు, ఏం లేదు" అని అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. తమ్ముడు నా వంక చూసి తల దించుకున్నాడు.

మర్నాడు ఆయన పనికి వెళ్లాక పై అరలన్నీ ఖాళీ చేశాను. నెయ్యి, ఉప్పు, పోపుడబ్బా, గిన్నెలు, అన్నీ నడుం కంటే కిందికి దించేశాను.